కొండదారికి స్త్రీల దుస్తులు: ఒక పాత సర్క్యులరుకు సవరణ

డిసెంబరు 17 పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం



1982లో ఇదే రోజున సుప్రీంకోర్టు నకారా కేసులో తీర్పు చెప్పింది. పెన్షను అనేది ఎవరి దయాధర్మమూ కాదు, చేసిన సేవకు దక్కిన హక్కు అని ఈరోజు మనం తలెత్తుకుని చెప్పుకుంటున్నామంటే ఆ తీర్పు చలవే. దాని గురించి నాకన్నా బాగా తెలిసినవారు ఇంతకు ముందే మాట్లాడారు. నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. నేను మాట్లాడబోయేది ప్యాంట్ల గురించి. ఆడవాళ్ళు కొండ ఎక్కేటప్పుడు వేసుకోదగ్గ ప్యాంట్ల గురించి. నవ్వండి, ఫరవాలేదు. ముప్ఫై ఆరేళ్ళు గుమాస్తాగిరీ చేసి 2008లో రిటైరైన డెబ్బై అయిదేళ్ళ ముసలాడికి ఈ విషయం ఎందుకని మీకు తోచడం సహజమే.

కారణం మనవి చేస్తాను. వచ్చే మాఘమాసంలో మన సంఘం అహోబిలం యాత్ర తలపెట్టింది. పోయినవారం సంఘం ఆఫీసులో కూర్చున్నప్పుడు ఆ యాత్ర సర్క్యులరు ముసాయిదా నా చేతికి వచ్చింది. 2018 నాటి సర్క్యులరునే తేదీలు, చార్జీలు మార్చి టైపు చేశారు. సర్వీసులో మనమందరమూ చేసిన పనే కనుక తప్పు పట్టను. అందులో 7వ అంశం ఇలా ఉంది: "మహిళా సభ్యులు, సభ్యుల కుటుంబ స్త్రీలు యాత్ర పొడవునా విధిగా చీర ధరించి రావలెను."

ఆ వాక్యం 2018లో రాసింది నేనే. రాయమని నన్నెవరూ అడగలేదు. కమిటీలో చర్చ కూడా జరగలేదు. ఆరు అంశాలు రాశాక కాగితంలో ఇంకా చోటు మిగిలితే ఏడోది నా అంతట నేను చేర్చాను. దానివల్ల ఏం జరిగిందో చెప్పి, దాన్ని సవరించమని కోరడానికే ఈ వేదిక ఎక్కాను.

అహోబిలం మీలో చాలామంది చూసిందే. నల్లమలలో తొమ్మిది నారసింహ రూపాలు వెలసిన క్షేత్రం. దిగువ అహోబిలం నుంచి ఎగువ అహోబిలం దాకా బండి పోతుంది. అసలు నడక ఆపైన మొదలు. జ్వాలా నరసింహస్వామి దగ్గరికి పోవాలంటే భవనాశి వాగు వెంబడి గుండ్ల మీద కాళ్ళు మోపుతూ, నీళ్ళలో దిగుతూ, మెట్లెక్కుతూ పోవాలి. ఒక మెట్టు జానెడుంటే ఇంకొకటి మోకాలెత్తు ఉంటుంది.

2018 జనవరిలో మా ఆవిడకు అరవై రెండేళ్ళు. సర్క్యులరు ప్రకారం చీర కట్టుకునే వచ్చింది. ఎక్కేటప్పుడు బాగానే ఎక్కింది. దర్శనం అయింది. దిగేటప్పుడు వాగు దాటడంతో చీర అంచు తడిసి బరువెక్కింది. కాళ్ళకు చుట్టుకుంటుంటే ఎడమచేత్తో కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుంది. కుడిచేతిలో గుడ్డసంచీ. అందులో కళ్ళజోడు, ఫోను, నా బి.పి. మాత్రలు, ప్రసాదం. కింద అద్దెకు తీసుకున్న కర్రలు రెండూ నేనే పట్టుకుని నడుస్తున్నాను, ఆమెకు పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు గనుక. ఒక మెట్టు దిగబోతూ తడి అంచు మీద కాలు వేసింది. ముందుకు తూలి కుడిచేతి మీద పడింది. మణికట్టు విరిగింది.

డోలీవాళ్ళు కిందికి మోసుకొచ్చారు. ఆళ్ళగడ్డలో డాక్టరుగారు చెయ్యి చూసి, "పక్కన దేన్నైనా పట్టుకోలేకపోయారా అమ్మా?" అని అడిగారు. మా ఆవిడ అంత నొప్పిలోనూ, "పట్టుకోవడానికి చేతులెక్కడివి డాక్టరుగారూ?" అన్నది.

నేను రాసిన సర్క్యులరు మీద ఆమె రాసిన నోటు అదొక్కటే. ఆరు వారాలు కట్టుతో ఉంది. ఆ ఆరు వారాలూ ఆమె జడ మా పక్కింటి అమ్మాయి వేసింది. అన్నం నేను వండాను. ఎలా వండానో మీరు అడక్కండి.

నేను ఆరోజు తెలుసుకున్నది ఇది. ప్యాంటు కాళ్ళ కోసమని అనుకుంటాం. కొండదారిలో ప్యాంటు చేతుల కోసం. కుచ్చిళ్ళు పట్టుకోనక్కర్లేదు గనుక ఒక చెయ్యి, సామాను జేబులోకి పోతుంది గనుక ఇంకో చెయ్యి, రెండూ ఖాళీ అవుతాయి. ఒకటి కర్రకు, ఒకటి కడ్డీకి. మన వయసులో పడకుండా ఉండటమే సగం ఆరోగ్యం.

ఇంకో సంగతి కూడా చెప్పకపోతే నా మనసు ఊరుకోదు. 1996లో మా అమ్మాయి కాలేజీలో ఎన్.సి.సి.లో ఉండేది. కొండలెక్కే క్యాంపుకు ఎంపికైంది. తండ్రి సంతకం కావాలంటూ ఫారం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. ఆడపిల్ల ప్యాంటు వేసుకుని పరాయి రాష్ట్రంలో కొండలెక్కడమేమిటి, వీధిలో వాళ్ళేమనుకుంటారు అని నా లోపల ఉంది. కాని వద్దని చెప్పలేదు. సరేననీ చెప్పలేదు. "చూద్దాంలే" అని సొరుగులో పెట్టాను. ఆఖరు తేదీ దాటిపోయింది. ఫైలును చంపడానికి తిరస్కరించనక్కర్లేదు, సొరుగులో పెడితే చాలునని మనకందరికీ తెలుసు. ఆ విద్య నా బిడ్డ మీద ప్రయోగించాను. అమ్మాయి రెండోసారి అడగలేదు.

వాళ్ళమ్మ చెయ్యి విరిగిన ఏడాది వేసవిలో బెంగుళూరు నుంచి ఒక పార్సెలు వచ్చింది. లోపల రెండు ప్యాంట్లు, మోకాళ్ళు దాటే రెండు కుర్తాలు. చీటీ మీద "అమ్మకు" అని మాత్రం ఉంది. మా ఆవిడ వాటిని బీరువాలో పెట్టింది. నేను సొరుగులో పెట్టినట్టే. 2020లో అందరం ఇళ్ళలో బందీలుగా ఉన్నప్పుడు, చూసేవాళ్ళెవరూ లేరన్న ధైర్యంతో, మొదటిసారి మిద్దె మీద నడకకు వేసుకుంది. అప్పటినుంచీ పొద్దుటి నడకకు అదే.

ఇక కొనేటప్పుడు ఏం చూడాలో చెబుతాను. ఇవి మా ఆవిడ అనుభవం మీద, అమ్మాయి చెప్పినదాని మీద, నా కొద్దిపాటి పరీక్షల మీద ఆధారపడినవి. మగవాళ్ళు కూడా రాసుకోండి. చాలా ఇళ్ళలో డబ్బు తీసేది మీరే.

మొదటిది గుడ్డ. నూలు మంచిదని మనకు చిన్నప్పటినుంచీ నేర్పారు. ఇంట్లో నిజమే. కొండ మీద కాదు. నూలు చెమటనూ నీటినీ పీల్చుకుని అలాగే పట్టి ఉంచుతుంది. బరువెక్కుతుంది, ఒంటికి అంటుకుంటుంది, గాలి తగిలితే చలి పుట్టిస్తుంది. జీన్స్ అయితే మరీ కష్టం. అదీ నూలే, పైగా మందం. నేనొకరోజు పొద్దున ఏడింటికి మనవడి జీన్సునూ, మా ఆవిడ ప్యాంటునూ తడిపి ఒకే దండెం మీద నీడన ఆరేశాను. ప్యాంటు పదిగంటలకల్లా ఆరిపోయింది. జీన్సు నడుము పట్టీ సాయంత్రానికి కూడా చెమ్మగానే ఉంది. నైలాన్ గాని పాలిస్టర్ గాని ఎక్కువగా ఉండి, సాగడానికి కొద్దిగా స్పాండెక్స్ కలిసిన పలుచని నేత కొండకు మంచిది. లోపలివైపు కుట్టిన చిన్న చీటీ మీద ఏ నూలు ఎంతపాలో రాసి ఉంటుంది, కళ్ళజోడు పెట్టుకుని చదవండి. కొన్ని చీటీల మీద స్పాండెక్స్‌కు బదులు ఎలాస్టేన్ అని ఉంటుంది, రెండూ ఒకటే. ఒక్క జాగ్రత్త. ఇలాంటి గుడ్డ నిప్పు తగిలితే కరిగి ఒంటికి అంటుకుంటుంది. దీపాల దగ్గర, కర్పూర హారతి దగ్గర, వంట పొయ్యి దగ్గర దూరంగా ఉండాలి.

రెండోది కోత. అంగట్లో అద్దం ముందు నిలబడి చూసుకుంటే చాలదు, కొండ మీద ఎవరూ నిలబడి ఉండరు. ట్రయల్ రూములో మూడు పనులు చెయ్యాలి. స్టూలు మీద ఒక కాలు పెట్టాలి. గొంతుకు కూర్చుని లేవాలి. వంగి చెప్పు సరిచేసుకోవాలి. ఈ మూడింట్లో ఎక్కడ పట్టినా, వెనుక నడుము కిందికి జారినా ఆ ప్యాంటు వద్దు. బాగా కుట్టిన ప్యాంట్లలో రెండు కాళ్ళూ కలిసేచోట పలకగా ఒక అదనపు గుడ్డముక్క వేసి ఉంటుంది. పైజమాలకు అలా వేసే ముక్కను మా వీధి దర్జీ భాయ్ మియానీ అంటాడు. అది ఉంటే కాలు ఎంత ఎత్తినా కుట్టు తెగదు, తొడల మధ్య ఒరుసుకోదు. మగవాళ్ళ ప్యాంటు సరిపోతుందిలే అనుకోకండి. తుంటి దగ్గర బిగుతుగా ఉంటుంది, నడుము దగ్గర వెనుక ఖాళీ వస్తుంది.

మూడోది నడుము. మన వయసు ఆడవారికి గట్టి బటను, బెల్టు పనికిరావు. భోజనానికి ముందొక కొలత, తరవాత ఇంకొకటి. వెడల్పాటి మెత్తని ఎలాస్టిక్ పట్టీ, లోపల ముడివేసుకోను నాడా ఉండాలి. పట్టీ మీద రెండు వేళ్ళు సులువుగా దూరాలి. వీపు సంచీ తగిలించుకునేవారైతే సంచీ కింద నొక్కుకునేచోట మందపాటి కుట్లు, లోహపు గుండీలు లేకుండా చూసుకోవాలి.

నాలుగోది పొడవు. కాలి అంచు చీలమండ దగ్గర ఆగాలి. మడమ కిందికి పోతే చీర అంచు చేసిన పనే అదీ చేస్తుంది. మరీ పైకి ఉంటే ముళ్ళు, పురుగులు. అంచు దగ్గర ఎలాస్టిక్ గాని నాడా గాని ఉంటే వాగు దాటేటప్పుడు మోకాళ్ళ దాకా లాక్కోవచ్చు. మోకాలి దగ్గర జిప్పు తీస్తే నిక్కరయ్యే రకాలూ ఉన్నాయి. ఆ జిప్పు మోకాలికి ఒరుసుకుంటుందని మా అమ్మాయి వద్దంది.

అయిదోది జేబులు. నా లెక్కలో ఇదే ముఖ్యం. ఆడవారి బట్టలకు జేబెందుకు పెట్టరో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పెట్టినా రెండు వేళ్ళు పట్టనంత పెడతారు. చెయ్యి మణికట్టు దాకా దిగాలి. కనీసం ఒక జేబుకు జిప్పు ఉండాలి. ఫోను, మాత్రలు, గుర్తింపు కార్డు, కాస్త డబ్బు అందులో పట్టాలి. కూర్చున్నప్పుడు జారిపోకూడదు. అహోబిలంలో కోతులున్నాయి, చేతిలో సంచీ ఉంటే ఊరుకోవు. జేబులో ఉన్నదాని జోలికి రావు.

ఆరోది బిగుతు. కాళ్ళకు అతుక్కునే లెగ్గిన్సు సాగుతుంది నిజమే, కాని రాతి మీద కూర్చుంటే చిరుగుతుంది, ముల్లు నేరుగా దిగుతుంది. మరీ వదులైతే కొమ్మలకు తగులుకుంటుంది. మోకాలి దగ్గర కాస్త వదులు, కింద కాస్త సన్నం, అంతే. బదరీ, కేదారం వంటి చలిచోట్లకు పోయేవారు లోపల వెచ్చని ఇన్నరు వేసుకోవాలి కనుక ఆ మేరకు వదులు చూసుకోవాలి.

ఏడోది, కొత్త ప్యాంటు యాత్ర రోజున మొదటిసారి వేసుకోకూడదు. కొని, ఒకసారి ఉతికి, వారం రోజులు పొద్దుటి నడకకు వేసుకోవాలి. మెట్లు ఎక్కి దిగాలి. ఎక్కడ ఒరుసుకుంటుందో, ఎక్కడ గుచ్చుకుంటుందో ఇంట్లోనే తెలియాలి.

అంగట్లో దొరక్కపోతే దిగులు పడకండి. మా ఆవిడకు మూడో ప్యాంటు మా దర్జీ భాయే కుట్టాడు. మనకు పాత పరిచయమున్న టెర్రికాటన్ గుడ్డ తెచ్చాం. నైలానంత తొందరగా ఆరదు గాని నూలుకన్నా నయం. మియానీ వేసి, నడుముకు ఎలాస్టిక్, నాడా, రెండు లోతు జేబులు, ఒకదానికి జిప్పు పెట్టమన్నాను. "సార్, ఆఫీసు వదిలినా స్పెసిఫికేషన్లు వదలరా?" అన్నాడు. నాలుగు రోజుల్లో ఇచ్చాడు.

ఇప్పుడు సభలో కొందరి మనసులో ఉన్న మాటకు వస్తాను. మన సంప్రదాయం ఏమవుతుంది?

చీర మీద నాకు కోపం లేదు. పొలాల్లో, కొండల్లో పనిచేసే ఆడవారు చీరతోనే పనిచేశారు. ఎలా? మా నాయనమ్మ గోచీ పోసి కట్టేది. చీర చెంగును కాళ్ళ మధ్యనుంచి వెనక్కి తీసి నడుములో దోపేది. రెండు కాళ్ళకూ విడివిడిగా గుడ్డ, రెండు చేతులూ ఖాళీ. అది ప్యాంటు కాకపోతే మరేమిటి? కుచ్చిళ్ళు పాదాల మీద పడేలా కట్టే పద్ధతి కూర్చునే ఇళ్ళకు, సభలకు బాగుంటుంది. దాన్నే కొండ మీద కూడా తప్పనిసరి చేసింది మా నాయనమ్మ కాదు, ఫ్యాను కింద కూర్చున్న నేను.

ఇది మన ఒక్కరి గొడవా కాదు. ఐరోపాలో మ్యాటర్‌హార్న్ శిఖరాన్ని 1871లో మొదటిసారి ఎక్కిన స్త్రీ లూసీ వాకర్. ఆమె గౌనుతోనే ఎక్కవలసి వచ్చింది. 1895లో అమెరికాకు చెందిన ఆనీ పెక్ అదే శిఖరాన్ని నిక్కరు వేసుకుని ఎక్కితే, ఎక్కిన సంగతికన్నా నిక్కరు సంగతే జనం ఎక్కువ చెప్పుకున్నారు. ఆ తరవాత కాలం మారింది. 1975లో జపాను వనిత జుంకో తాబెయ్ ఎవరెస్టు ఎక్కిన మొదటి స్త్రీ అయింది. 1984లో మన బచేంద్రీ పాల్ ఎక్కింది. 2014లో నిజామాబాదు జిల్లా గిరిజన బాలిక మాలావత్ పూర్ణ పద్నాలుగేళ్ళయినా నిండకుండానే ఎక్కింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు నేను చాలాసేపు పేజీ తిప్పలేదు. సొరుగులో పెట్టిన ఫారం గుర్తుకొచ్చింది.

గుడి మర్యాద వేరు, దారి వేరు. ప్యాంటు మీద మోకాళ్ళు దాటే కుర్తా, భుజాన చున్నీ ఉంటే మన కళ్ళకూ బాగుంటుంది. తిరుమలలో దర్శనానికి ఆడవారు చీర గాని, లంగా ఓణీ గాని, చున్నీతో చుడీదార్ గాని వేసుకోవాలని నియమం ఉంది. అలాంటి చోట దారికి ఒక బట్ట, దర్శనానికి ఒక బట్ట. ఏ గుడికి పోతే ఆ గుడి నియమం ముందుగా కనుక్కోవాలి. పలుచని చీర ఒకటి సంచీలో పెట్టుకుంటే అరకిలో బరువు. విరిగిన మణికట్టు బరువు అంతకన్నా చాలా ఎక్కువని అనుభవం మీద చెబుతున్నాను.

2023 డిసెంబరులో మళ్ళీ అహోబిలం పోయాం. అమ్మాయి సెలవు పెట్టి వచ్చింది. నా మోకాళ్ళు సహకరించక నేను ఎగువ గుడి దగ్గరే ఉండిపోయాను. తల్లీకూతుళ్ళిద్దరూ ప్యాంట్లు వేసుకుని, చెరొక కర్ర పట్టుకుని వాగు వెంబడి పోయారు. నేను రాతి మీద కూర్చుని అయిదు గంటలు ఎదురుచూశాను. తిరిగొచ్చేసరికి మా ఆవిడ మోకాళ్ళ దాకా తడిసి ఉంది, మొహం వెలిగిపోతోంది. "ఏమండీ, మాత్ర వేసుకున్నారా?" అని అడిగింది. మరిచిపోయానన్నాను. జేబు జిప్పు తీసి మాత్ర నా చేతిలో పెట్టింది. అప్పుడు మా అమ్మాయితో, "1996లో ఆ ఫారం మీద నేను సంతకం పెట్టి ఉండాల్సిందమ్మా" అన్నాను. అది కాసేపు మాట్లాడలేదు. తరవాత, "ఈ యాత్ర ఫారం మీద పెట్టండి నాన్నా" అంది.

కనుక అధ్యక్షా, నా ప్రతిపాదన ఇది. యాత్ర సర్క్యులరులోని 7వ అంశాన్ని తొలగించి దాని స్థానంలో ఈ క్రింది విధంగా చేర్చవలసిందిగా కోరుతున్నాను: "కొండదారి నడకకు స్త్రీలు, పురుషులు తమకు సౌకర్యమైన, కాళ్ళకు అడ్డుపడని, త్వరగా ఆరే దుస్తులు ధరించవలెను. దర్శనానికి ఆలయ మర్యాద పాటించవలెను. నడక సమయంలో రెండు చేతులూ ఖాళీగా ఉంచుకొనవలెను."

వెనుక వరుసల్లోని అమ్మలారా, ఈ సవరణ మీ కోసం. ఆమోదం పొందినా పొందకపోయినా ఆళ్ళగడ్డ ఆస్పత్రిలో మా ఆవిడ అన్న మాట గుర్తుంచుకోండి.